ఎల్డన్ నిమిషం

మా ఊరు కార్వెల్‌లో తొందరపడినవాడిని ఒకటే మాట అంటారు. పెళ్ళి కుదరకముందే బట్టలు కొన్నా, వాన ఆగకముందే గొడుగు ముడిచినా, "ఎల్డన్ చేశావు కదరా" అంటారు. కాలేజీ పిల్లల నోట్లో ఆ మాట పొద్దస్తమానం నానుతూనే ఉంటుంది. ఎల్డన్ అనే మనిషి నిజంగా ఉన్నాడని వాళ్ళలో సగం మందికి తెలియదు. తమ హాస్టల్లో హీటరు చెడిపోతే మోకాళ్ళ మీద కూర్చుని బాగుచేసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయే బక్కపలచని ఆయనే ఆ ఎల్డన్ అని అసలు ఎవరికీ తెలియదు.

ఎల్డన్‌కు మాత్రం తెలుసు. నా హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతుంటే వెనక బల్ల నుంచి ఆ మాట వినిపిస్తుంది. తల తిప్పడు. చెవులు మాత్రం ఎర్రబడతాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా నాకది అలవాటు కాలేదు. నా పేరు వర్నా. కాలేజీ ఆటల హాలుకు ఎదురుగా ఈ హోటల్ మా అమ్మ పెట్టింది, నేను నడుపుతున్నాను. నాకు ఓపిక తక్కువని ఊరంతా అంటుంది. ఉన్న ఓపికంతా ఆ కిటికీ పక్క బల్లకే ఖర్చయిపోతోందని ఎవరూ అనరు.

ఆ బల్ల దగ్గర రోజూ ముగ్గురు కూర్చుంటారు. ఒకడు ఎల్డన్. ఇంకొకాయన గార్లాండ్, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. సెలూన్ మూసేసి చాలాకాలమైంది, కత్తి పదును మాత్రం నోట్లోకి మార్చుకున్నాడు. కార్వెల్ బాస్కెట్‌బాల్ జట్టు ఆడిన ప్రతి ఆటా ఆయనకు గుర్తే. పెళ్ళిరోజు మాత్రం ఏటా మర్చిపోయేవాడని, ఆయన భార్య ఓపల్ బతికున్నన్నాళ్ళూ నా దగ్గర మొత్తుకునేది. మూడోవాడు డెల్మర్, పోస్ట్‌మన్. ఉత్తరాలకంటే ఊసులే ఎక్కువ పంచుతాడు.

ఆ శుక్రవారం పొద్దున హోటల్ కిటకిటలాడుతోంది. మర్నాడు మధ్యాహ్నం మా లీగ్ ఫైనల్, అదీ మా హాల్లోనే, హాల్‌స్టెడ్ కాలేజీతో. నేను మెత్తటి రొట్టెల్లాంటి మా బిస్కట్ల మీద మాంసం గ్రేవీ పోసి తెచ్చేసరికి గార్లాండ్ అప్పుడే పాత రోజుల్లోకి వెళ్ళిపోయాడు.

"అప్పట్లో మన హాలంటే హాల్‌స్టెడ్ వాళ్ళకి చలిజ్వరం వచ్చేది. ఒకసారి వాళ్ళ కోచ్ తన ఆటగాళ్ళ చెవుల్లో దూది పెట్టి పంపాడు తెలుసా? మన గోలకి తట్టుకోలేక!"

"చెప్పావులే ముసలాయనా," అన్నాడు డెల్మర్. "తర్వాత కప్పు మీది మంచు జారి డీన్ గారి కారు మీద పడింది. అదీ చెప్పు, ఒక పనైపోతుంది."

"పడిందిరా! కారు పైభాగం సొట్టపోయింది. మన అరుపులకే జారింది ఆ మంచు. నువ్వప్పుడు పుట్టావో లేదో."

"పుట్టాను. మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేనూ అరిచాను. ఆ సొట్టలో నా వాటా ఉంది." డెల్మర్ నవ్వి, ఆలోచించకుండా అనేశాడు. "ఇప్పుడు చూడు, చివరి నిమిషం వచ్చిందంటే మన హాలు శవం లేచిన ఇల్లులా ఉంటుంది."

బల్ల దగ్గర మాట ఆగిపోయింది. ఎల్డన్ ఫోర్కుతో గ్రేవీని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. డెల్మర్ నాలుక కరుచుకుని నావంక చూశాడు. నేను కళ్ళతోనే తిట్టాను.

ఆ సంగతి ముప్ఫై ఏళ్ళు దాటినది. మా జట్టు పేరు కొంగలు. ఎవరు పెట్టారో, ఏం చూసి పెట్టారో, నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. ప్రతి ఆటకూ ఒక కుర్రాడు కొంగ వేషం వేసుకుని గీత పక్కన గంతులేసేవాడు. ఆ ఏడాది ఆ వేషం ఎల్డన్‌ది. కాళ్ళు సన్నగా ఉన్నాయని ఏరి మరీ వాడిని పెట్టారు. అట్టతో చేసిన పెద్ద తల, పసుపు ముక్కు. ఆ ముక్కులోని చిన్న జల్లెడ గుడ్డలోంచే లోపలి మనిషి బయటికి చూడాలి.

అది కూడా లీగ్ ఫైనలే, హాల్‌స్టెడ్‌తోనే, ఈ హాల్లోనే. గెలిస్తే జాతీయ టోర్నమెంటుకు మొదటిసారి వెళ్తాం. చివరి క్షణంలో ఒక పాయింటు ముందున్నాం. మావాడు వాళ్ళ చేతిలోంచి బంతి లాక్కున్నాడు. హాలు హాలంతా లేచి అరిచింది. ఆ హోరులో ఆట ముగింపు బజర్ మోగిందో లేదో ఎవరికీ వినిపించలేదు. మోగిందనే అనుకున్నాడు ఎల్డన్. రెక్కలు చాచుకుని కోర్టు మధ్యకు పరుగెత్తాడు. బజర్ ఇంకా మోగలేదు. సెకను కూడా మిగిలి లేదుగానీ, ఆట అయిపోలేదు. రెఫరీ ఈల వేశాడు. ఆట జరుగుతుండగా మా తరఫు మనిషి కోర్టులోకి వచ్చినందుకు మా మీద టెక్నికల్ ఫౌల్. వాళ్ళకు రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డుపడకుండా వేసుకునేవి, పడితే ఒక్కోదానికి ఒక పాయింటు. రెండూ పడ్డాయి. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

నాకు గుర్తున్నది స్కోరు కాదు. కొంగ ముక్కు ఊడి కోర్టు మధ్యలో పడింది. తల ఇంకా తొడుక్కునే ఉన్నాడు ఎల్డన్. ఎవరూ దగ్గరకు వెళ్ళలేదు, ఎవరూ తిట్టలేదు. రెక్కలు కిందికి వేలాడేసుకుని అక్కడే నిలబడిపోయాడు. ఇంటికి వెళ్ళమని ఎవరో చెప్పేదాకా కదల్లేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి మా ఊళ్ళో ఒక ఆచారం మొదలైంది. ఎవరూ తీర్మానం చేయలేదు, దానంతట అదే వచ్చింది. గడియారంలో చివరి నిమిషం మొదలవగానే కార్వెల్ జనమంతా కూర్చుంటారు. అరచేతులు తొడల కింద పెట్టుకుంటారు. నోరు మెదపరు. బజర్ స్పష్టంగా వినిపించాలి, ఎవరూ లేవకూడదు. పసిపిల్లలకు కూడా తల్లులు చేతులు పట్టుకుని తొడల కింద దూర్చి నేర్పిస్తారు. దానికి పేరు ఎల్డన్ నిమిషం.

ఎల్డన్ చదువు మధ్యలో మానేసి, మేనమామ దగ్గర హీటర్ల పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఆటల హాలు గడప తొక్కలేదు. లోపలి హీటర్లు బాగుచేయాల్సి వస్తే ఇంకొకడిని పంపుతాడు. కానీ ఏ ఆటా వదలడు. వ్యానును హాలు పక్కన ఆపుకుని, లోపలే కూర్చుని రేడియో వింటాడు. పెట్రోలు దండగని ఇంజను ఆపేస్తాడు. నా హోటల్లోంచి చూస్తే ఆవిరి పట్టిన వ్యాను అద్దాలు కనిపిస్తాయి. హాలు వంక చూడాలనిపించి అద్దం మీద చెయ్యి పెట్టి తుడిచిన గుర్తు కనిపిస్తే, మేం గెలుస్తున్నామని నాకు తెలిసిపోయేది.

శుక్రవారం పొద్దున ఆ మాట ఆగిపోయిన చోట మళ్ళీ కదిలించింది గార్లాండే.

"మొన్న రేడియోలో విన్నారా మన కోచ్ గారి ఉపన్యాసం? చివరి నిమిషంలో నాకు చప్పుడు కావాలి, పిల్లలకి మీ గొంతు వినబడాలి అంటున్నాడు. మూడేళ్ళ క్రితం ఎక్కడినుంచో ఊడిపడ్డవాడు మనకి నేర్పుతాడట!"

"అతను చెప్పిందాంట్లో తప్పేముంది?" అన్నాడు ఎల్డన్. అందరం అతనివంక చూశాం. ఆ విషయంలో అతను నోరు విప్పడం నేనెప్పుడూ వినలేదు.

"తప్పేముందా? ఇంకెవరన్నా అడగొచ్చు ఆ మాట, నువ్వడుగుతున్నావా?"

"నేనే అడగాలి." ఎల్డన్ గొంతు చిన్నగానే ఉంది. "అవతలివాడు చివర్లో బంతి పట్టుకుంటే వాడి చెవుల్లో మనం మోగాలి. వ్యాన్లో కూర్చుని వింటుంటే తెలుస్తుంది. చివరి నిమిషం వచ్చేసరికి నా రేడియో పాడైందేమో అనుకుంటాను."

"నువ్వు వ్యాన్లోనే కూర్చో," అని గార్లాండ్ కాఫీ గుటక వేశాడు. తర్వాత కిటికీలోంచి హాలు వంక చూశాడు. అంతలో ముఖం మారింది. "లేదు. వద్దు. వ్యాన్లో వద్దు. నాతో రా."

డెల్మర్ కప్పు చేతిలోనే ఉండిపోయింది.

"ఓపల్ సీటు ఖాళీగానే ఉందిగా," అన్నాడు గార్లాండ్. "రెండేళ్ళుగా దాని మీద నా కోటు పెడుతున్నాను. కోటుకి ఆట ఏం తెలుస్తుంది? ఇదే చివరిసారిరా ఎల్డన్. వచ్చే ఏడాది నుంచి కాలేజీ చిన్న లీగ్‌లోకి పోతోంది. డబ్బుల్లేవంటున్నారు, ఆ లీగ్ నుంచి జాతీయ టోర్నమెంటుకి దారే లేదు. రేపు గెలిస్తే, ఆదివారం సాయంత్రం టీవీలో ఆ టోర్నమెంటుకి ఎంపికైన జట్ల పేర్లు చదువుతుంటే కార్వెల్ అనే మాట ఒక్కసారి వినాలి నేను. నువ్వూ వినాలి. లేస్తే మాత్రం చేతికర్రతో కాళ్ళు విరగ్గొడతా."

"నేనొస్తే ఓడిపోతాం, పెద్దాయనా. జనం అదే అంటారు."

"జనం మొహం! గెలిస్తే ఏమంటారు? ఎల్డన్ ఉండగా గెలిచాం అంటారు. ఆ తర్వాత ఆ మాట ఎవడి నోట్లోంచి వస్తుందో నేనూ చూస్తా."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక ఎల్డన్ మాత్రం గల్లాపెట్టె దగ్గర నిలబడిపోయాడు.

"వర్నా, కోరాకు వచ్చే నెల పురుడు. మగపిల్లాడట."

కోరా అతని ఒక్కగానొక్క కూతురు. ఇండియానాపోలిస్‌లో ఉంటుంది.

"ఆ సంగతి ఊరంతా చెప్పావుగా."

"ఇంకోటి చెప్పలేదు. పిల్లాడికి నా పేరు పెడతానంటోంది. నేను వద్దన్నాను. మూడుసార్లు వద్దన్నాను, ఏడ్చింది." చెవులు ఎర్రబడ్డాయి. "దానికేం తెలుసు, ఈ ఊళ్ళో పెరిగిందేగానీ ఎవరూ దాని ముందు అనరు. పిల్లాడు ఎప్పుడో ఈ ఊరొస్తాడు. నీ పేరేంటి అంటారు. చెప్తాడు. అందరూ నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో ఇంటికొచ్చి నన్నే అడుగుతాడు."

"అయితే?"

"రేపు గెలిస్తే సరే అంటాను. గెలిచిన సాయంత్రమే ఫోన్ చేసి పెట్టుకోమంటాను."

నేను పైకి నవ్వి, "పో, పోయి పని చూసుకో" అన్నాను. లోపల మాత్రం, దేవుడా, ఈ ఒక్కటీ ఇవ్వు, ఇంకేమీ అడగను అనుకున్నాను. చర్చికి ఈస్టర్‌కి తప్ప వెళ్ళని మనిషిని, ఏ ముఖంతో అడిగానో.

మర్నాడు మధ్యాహ్నం హోటల్ మూసేసి వెళ్ళాను. నా సీటు గార్లాండ్ వరసలోనే, ఓపల్ సీటు పక్కన. తడిసిన కోట్ల వాసన, పాప్‌కార్న్ వాసన కలిసి ఊపిరాడటంలేదు. ఊరు ఊరంతా నీలం చొక్కాల్లో ఉంటే ఎల్డన్ గోధుమరంగు జాకెట్టు వేసుకుని వచ్చాడు, ఎవరి కంటా పడకూడదని. అందరిలో అదొక్కటే వేరే రంగు. మెట్ల దగ్గర నుంచి సీటు దాకా వెళ్ళేలోపు గుసగుస వరసవరసకూ పాకింది.

మా వెనక కూర్చున్న కాలేజీ అమ్మాయి స్నేహితురాలిని మోచేత్తో పొడిచింది. "ఈయనా? అంటే నిజంగా ఉన్నాడా?"

గార్లాండ్ వెనక్కి తిరిగాడు. "ఉన్నాడమ్మా. మీ హాస్టల్లో వెచ్చగా పడుకుంటున్నారంటే ఈయన చలవే. ఇక ముందుకు చూడు."

ఆ పిల్ల సిగ్గుపడి, "సారీ అండీ" అంది. ఎల్డన్ తల ఊపాడు. కొయ్య బల్లను అరచేత్తో ఒకసారి నిమిరాడు. ఓపల్ కూర్చున్న చోటు అది. తర్వాత కోర్టు వంక చూశాడు, సరిగ్గా మధ్యకు, కొంగ ముక్కు పడిన చోటుకు.

ఆట సంగతి ఎక్కువ చెప్పను. మా పిల్లలు బాగా ఆడారు. కీనన్ అని మా పొట్టి గార్డు ఉన్నాడు, కరెంటు స్తంభాల్లాంటి హాల్‌స్టెడ్ వాళ్ళ మధ్యలోంచి దూరిపోతూ బంతిని బుట్టలో వేస్తుంటే, గార్లాండ్ తన వయసు మర్చిపోయి తిట్లూ దీవెనలూ కలిపి కురిపించాడు. సగం ఆట అయ్యేసరికి ఎల్డన్ కూడా కరిగాడు. ఒకసారి రెఫరీ మీద అరిచాడు. "కళ్ళున్నాయా నీకు! మా వ్యానుకి ఉన్న అద్దాలు తెచ్చివ్వనా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు. అతని భుజం మీద ఎవరో తట్టారు. ముప్ఫై ఏళ్ళలో ఆ హాల్లో అతన్ని ముట్టుకున్న మొదటి చెయ్యి అది. ఎల్డన్ నావైపు తిరిగి, పిల్లాడిలా పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను నమ్మేశాను, ఇవాళ అయిపోతుంది, ఈ పీడ ఇవాళ్టితో విరగడవుతుందని.

గడియారంలో చివరి నిమిషం మొదలైంది. రెండు పాయింట్లు ముందున్నాం.

ఎవరూ చెప్పక్కర్లేదు. హాలంతా ఒక్కసారిగా కూర్చుంది. బల్లలు కిర్రుమన్నాయి. వేలమంది తొడల కింద వేలమంది చేతులు దూరాయి. అంతవరకూ చెవులు దిబ్బెళ్ళు వేయించిన హోరు, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ఆటగాళ్ళ బూట్లు నేలమీద కీచుమనడం పై వరసల దాకా వినిపిస్తోంది.

కోచ్ మావైపు తిరిగాడు. రెండు చేతులూ పైకి ఎత్తి ఊపాడు. లేవండి, అరవండి అని. ఎవరూ కదల్లేదు. వెనక వరసల్లో కాలేజీ పిల్లలు కొందరు చప్పట్లు మొదలుపెట్టారు. "ష్ష్!" అని నాలుగు వైపుల నుంచీ పెద్దవాళ్ళు కసిరారు. చప్పట్లు ఆగిపోయాయి. కోచ్ రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. మా గార్లాండ్ ఆయన్ని చూడకుండా గడియారాన్నే చూస్తున్నాడు.

హాల్‌స్టెడ్ వాళ్ళు టైమ్ అవుట్ అడిగారు. కొన్ని సెకన్లే ఉన్నాయి. బంతి వాళ్ళది.

ఎల్డన్ చేతులు తొడల కిందే ఉన్నాయి. కానీ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నావైపు వంగి గుసగుసగా అన్నాడు. "వర్నా, ఆయన అరవమంటున్నాడు. అరవాలి. ఇప్పుడే అరవాలి."

"కదిలావంటే చంపేస్తా," అన్నాడు గార్లాండ్, పెదవులు కదలకుండా.

ఎల్డన్ నన్నే చూస్తున్నాడు. నేను ఒక్క మాట అంటే అరిచేవాడు. అతనరిస్తే, ఆ హాల్లో మిగతావాళ్ళు ఏం చేసేవారో నాకు తెలియదు.

"కూర్చో ఎల్డన్," అన్నాను. "నోరు మూసుకుని కూర్చో."

కూర్చున్నాడు.

బంతి లోపలికి వచ్చింది. వాళ్ళ ఎడమచేతి వాటం కుర్రాడు మూడు పాయింట్ల గీత అవతల పట్టుకున్నాడు. కీనన్ మీదికి దూకాడు, అందలేదు. ఆ కుర్రాడు తొందరపడలేదు. బంతిని ఒకసారి చేతుల్లో తిప్పుకున్నాడు. వాడి ఊపిరి నాకు వినిపించిందంటే నమ్మండి. వేశాడు. బంతి ఇనుప రింగు మీద ఒకసారి ఎగిరింది, ఇంకోసారి ఎగిరింది, వల లోపలికి జారింది. అప్పుడు బజర్ మోగింది. స్పష్టంగా, గట్టిగా, అందరికీ వినిపించేలా.

ఒక్క పాయింటు. మళ్ళీ ఒక్క పాయింటే.

మా ఊరివాళ్ళెవరూ లేవలేదు. హాల్‌స్టెడ్ నుంచి బస్సులో వచ్చిన కొద్దిమంది మూలన కేకలు పెడుతుంటే, మిగతా హాలంతా చేతుల మీద కూర్చుని చూస్తోంది. కీనన్ గీత మీద కూలబడి చొక్కాలో ముఖం దాచుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే చేతులు బయటికి తీశారు. ఒక్కొక్కరే మావైపు తిరిగారు. ఆ గోధుమరంగు జాకెట్టు వైపు.

"వీణ్ణి ఎవడు తెచ్చాడు?" అన్నాడు కింది వరసలోంచి ఒకడు. గట్టిగా అనలేదు. ఆ నిశ్శబ్దంలో గట్టిగా అనాల్సిన పని లేదు.

గార్లాండ్ కర్ర మీద బరువు వేసి లేచాడు. ఆ ఒక్క గంటలో పదేళ్ళు పైబడినట్టున్నాడు. ఎల్డన్ ముఖంలోకి చూడలేదు.

"నిన్ను పిలవకుండా ఉండాల్సిందిరా," అన్నాడు. "కోటు పెట్టుకునుంటే సరిపోయేది."

కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు. కోపంగా అనుంటే నేను నాలుగు దులిపేసేదాన్ని. టోపీ బల్ల మీదే మర్చిపోయి, ఒక్కో మెట్టూ పట్టుకుంటూ దిగి వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆదివారం సాయంత్రం ఆయన టీవీ పెట్టడు, అది నాకు తెలుసు.

జనం పల్చబడుతున్నారు. మా వరస పక్కనుంచి దిగేవాళ్ళు అవసరం లేకపోయినా అటు జరిగి వెళ్తున్నారు. ఒక తండ్రి పిల్లాడి చెవిలో ఏదో చెప్పాడు. ఆ పిల్లాడు మెట్ల కిందికి వెళ్ళేదాకా వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. ఎల్డన్ ఇంకా అలాగే ఉన్నాడు, చేతులు తొడల కిందే.

"నేను లేవలేదు కదా వర్నా?" అన్నాడు.

"లేవలేదు."

"కదల్లేదు కదా?"

"కదల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను."

"మరి ఎందుకు ఓడిపోయాం?"

ముప్ఫై ఏళ్ళుగా అతను అనుకుంటున్నది ఒకటే. ఆ రోజు కదలకుండా ఉండుంటే గెలిచేవాళ్ళం. ఇవాళ కదలకుండా ఉన్నాడు. నేను గార్లాండ్ టోపీని దులుపుతూ కూర్చున్నాను.

జవాబు కింది నుంచి వచ్చింది. రేడియో వాళ్ళు కోర్టు మీదే ఆ ఎడమచేతి కుర్రాడి ముందు మైకు పెట్టారు. హాలు స్పీకర్లు ఇంకా కట్టేయలేదు. వాడి గొంతు ఖాళీ బల్లల మీదుగా పెద్దగా వినిపించింది. మర్యాద తెలిసిన పిల్లాడే, గెలిచానని విర్రవీగడం లేదు.

"నిజం చెప్పాలంటే చాలా భయపడ్డానండీ. ఈ హాలు గురించి మా తాతయ్య ఎన్నో చెప్పాడు. ఆయన ఆడినప్పుడు చెవుల్లో దూది పెట్టుకున్నార్ట. కానీ చివర్లో అసలు చప్పుడే లేదు. మా ఇంటి పెరట్లో నేనొక్కణ్ణే వేసుకున్నట్టు అనిపించింది. అంత నెమ్మది ఇంకెక్కడా చూళ్ళేదు. అందుకే పడింది."

స్పీకర్లు కట్టేశారు.

ఎల్డన్ నెమ్మదిగా చేతులు బయటికి తీశాడు. వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అరచేతుల నిండా బల్ల చెక్క గీతలు అచ్చుపడ్డాయి. వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఆ నిశ్శబ్దం నాదే కదా," అన్నాడు.

"నోరు ముయ్యి." నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు. "అరవనిది మేం. అరుస్తానంటే కూర్చోమన్నది నేను. ఊరంతా కలిసి చేసిన పనికి నువ్వొక్కడివేం మోస్తావు?"

"మీరు అరవనిది ఎవరి వల్ల?"

ఏదన్నా అనుంటే బాగుండేది. అబద్ధమైనా సరే. నా నోటికి ఊళ్ళో అందరూ భయపడతారు, ఆ క్షణంలో దానికి ఒక్క మాట దొరకలేదు.

కింద పనివాళ్ళు చీపుళ్ళతో పాప్‌కార్న్ ఊడుస్తున్నారు. ఎల్డన్ జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. కోరా. వాళ్ళింట్లో కూడా టీవీలో చూసే ఉంటారు. అది మోగుతూనే ఉంది, అతను చూస్తూనే ఉన్నాడు. తర్వాత నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పు వర్నా. ఇంకో పేరు చూసుకోమను."

"నేను చెప్పను. అది నీ కూతురు."

"చెప్పు."

ఫోన్ ఆగిపోతుందేమోనని భయపడి చెవి దగ్గర పెట్టుకున్నాను. నేను నోరు తెరవకముందే కోరా మొదలుపెట్టింది. "నాన్నా, చూశాం. టీవీలో నిన్ను కూడా చూపించారు, నీ జాకెట్టు గుర్తుపట్టాను. ఎంత బుద్ధిగా కూర్చున్నావో! నాన్నా? వింటున్నావా?"

"కోరా, నేను వర్నాని," అన్నాను.

"వర్నా! నాన్న ఏడి?"

తల తిప్పి చూశాను. అతను కోర్టు మధ్యలోకి చూస్తున్నాడు. చేతులు మళ్ళీ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఇక్కడే ఉన్నాడమ్మా," అన్నాను. "కూర్చుని ఉన్నాడు."